కాలయంత్రంలో పాత వెండితెర: 'ఆదిత్య 369' ఆకర్షణ - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో 1991 జూలై 18న విడుదలైన 'ఆదిత్య 369' తెలుగులో కాలప్రయాణాన్ని ప్రధాన వస్తువుగా స్వీకరించిన వైజ్ఞానిక సాహస చిత్రం. 2025 ఏప్రిల్ 4న 4కె రూపంలో ఇది మళ్లీ ప్రదర్శనకు వచ్చింది. సాంకేతికంగా ఎంతో ముందుకు వెళ్లిన చిత్రాలు అందుబాటులో ఉన్న కాలంలోనూ ఈ పాత కాలయంత్రం ప్రేక్షకుణ్ణి ఎందుకు ఆకట్టుకుంటున్నది అన్న ప్రశ్నకు ఈ వ్యాసం సమాధానం వెదుకుతుంది. చిత్రంలోని 'గతం' చారిత్రక విజయనగరం కన్నా 1950, 60 దశకాల తెలుగు వెండితెరకే దగ్గరగా ఉందని, ఆకర్షణకు మూలం అక్కడే ఉందని ప్రతిపాదిస్తుంది. ఆ ఆకర్షణ సాహిత్య చరిత్ర బోధనలో కలిగించగల చిక్కును మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల చారిత్రక, భాషా నేపథ్యం నుంచి చర్చిస్తుంది.

కీలకపదాలు: వైజ్ఞానిక కల్పన, రెట్రో శైలి, కాలప్రయాణం, అద్భుతరసం, గతకాల మోహం, విజయనగరం, బహుభాషికత.

1. ప్రవేశిక

తెలుగు సినిమాపై విశ్వవిద్యాలయ పరిశోధన ఎక్కువగా పౌరాణిక, సాంఘిక, చారిత్రక చిత్రాల చుట్టూ సాగింది. వైజ్ఞానిక కల్పన ఆధారంగా వచ్చిన చిత్రాలు సంఖ్యలో తక్కువ కావడం ఇందుకు ఒక కారణం. ఈ రకం చిత్రాలను 'హాలీవుడ్ అనుకరణ' అన్న ఒక్క మాటతో పక్కన పెట్టే అలవాటు మరొక కారణం. 'ఆదిత్య 369' విషయంలో ఈ మాట సగమే నిజం. కాలయంత్రం అన్న భావనకు ఇంగ్లీషు రచయిత హెచ్.జి. వెల్స్ 1895లో వెలువరించిన నవల ప్రేరణ అన్నది అందరికీ తెలిసినదే. అయితే యంత్రం విదేశీయమైనా అది చేరిన చోట్లు, అక్కడ వినిపించిన మాట, ఎదురైన మనుషులు తెలుగు ప్రేక్షకుడి జ్ఞాపకంలో అంతకుముందే ఉన్నవారు.

కథను క్లుప్తంగా చెప్పుకోవాలి. ప్రొఫెసర్ రామదాసు (టినూ ఆనంద్) ఒక కాలయంత్రాన్ని నిర్మిస్తాడు. చారిత్రక విలువ ఉన్న పురావస్తువులను అక్రమ మార్గాల్లో పోగుచేసే రాజావర్మ (అమ్రీష్ పురి) కృష్ణదేవరాయల కాలం నాటి వజ్రంపై కన్ను వేస్తాడు. నాయకుడు కృష్ణకుమార్ (నందమూరి బాలకృష్ణ), ప్రొఫెసర్ కుమార్తె హేమ (మోహిని) కాలయంత్రంలో 1526 నాటి విజయనగరానికి, ఆపైన 2504 నాటి లోకానికి ప్రయాణిస్తారు. రాయల పాత్రనూ బాలకృష్ణే పోషించారు. తెనాలి రామకృష్ణుడిగా చంద్రమోహన్, రాజనర్తకి సింహనందినిగా సిల్క్ స్మిత నటించారు. సంభాషణలు జంధ్యాల, సంగీతం ఇళయరాజా.

2. పరిభాష: 'పాతది' వేరు, 'పాతగా తీసినది' వేరు

'రెట్రో' అన్న మాటను మనం తరచు 'పాత' అన్న అర్థంలో వాడుతున్నాం. పరిశోధన పరిభాషలో ఈ రెండింటినీ వేరు చేయాలి. 1957 నాటి చిత్రం పాత చిత్రం. తరువాతి కాలంలో తీసినా వెనకటి కాలపు శైలిని, కూర్పును, రంగును, మాటతీరును తెలిసి తెచ్చిపెట్టుకున్న చిత్రం రెట్రో చిత్రం. 2004లో కెర్రీ కాన్రన్ తీసిన 'స్కై కెప్టెన్ అండ్ ద వరల్డ్ ఆఫ్ టుమారో' దీనికి చక్కని ఉదాహరణ. కథాకాలం 1939. నటులను నీలి తెర ముందు నిలబెట్టి, పరిసరాలన్నీ కంప్యూటర్‌తో సృష్టించి, 1930ల నాటి సీరియల్ చిత్రాల, బొమ్మల పత్రికల లోకాన్ని మళ్లీ కట్టారు. సాధనం కొత్తది, చూపు పాతది.

అమెరికన్ విమర్శకుడు ఫ్రెడరిక్ జేమ్సన్ ఈ ధోరణిని 'నోస్టాల్జియా చిత్రం' అన్న భావనతో వివరించాడు. 1977 నాటి 'స్టార్ వార్స్' చారిత్రక గతాన్ని చూపకపోయినా, ఒక తరం చిన్ననాట శనివారం మధ్యాహ్నాల్లో చూసిన బక్ రోజర్స్ తరహా సీరియళ్ల అనుభవాన్ని తిరిగి ఇస్తుంది కనుక అది కూడా నోస్టాల్జియా చిత్రమే అన్నది ఆయన పరిశీలన. ఇక్కడ గుర్తించవలసిన సంగతి ఒకటుంది. ఇలాంటి చిత్రాల్లో తిరిగి వచ్చేది గతకాలం కాదు, గతకాలంలో మనం చూసిన చూపు. 'ఆదిత్య 369'ను అర్థం చేసుకోవడానికి ఈ భేదం కీలకం.

వైజ్ఞానిక కల్పనకు డార్కో సువిన్ 1979లో ఇచ్చిన నిర్వచనం కూడా ఇక్కడ అవసరమవుతుంది. తెలిసిన లోకాన్ని కొత్తగా, అపరిచితంగా కనిపించేటట్లు చేయడం, ఆ అపరిచితత్వాన్ని హేతుబద్ధంగా సమర్థించడం అనే రెండు పనులూ కలిసి జరిగినప్పుడే అది వైజ్ఞానిక కల్పన అవుతుందని ఆయన ప్రతిపాదన. రెట్రో శైలి దీనికి ఎదురు దిశలో పనిచేస్తుంది. అపరిచితమైనదాన్ని పరిచితం చేస్తుంది. ఈ రెండు శక్తులూ ఒకే కథలో పెనుగులాడటమే రెట్రో వైజ్ఞానిక సాహస చిత్రపు ప్రత్యేకత.

3. కాలప్రయాణం: పురాణ కథనం నుంచి వెల్స్ దాకా

కాలం అందరికీ ఒకే వేగంతో నడవదన్న ఊహ తెలుగు పాఠకుడికి కొత్తది కాదు. భాగవత నవమ స్కంధంలో కకుద్మి తన కుమార్తె రేవతికి తగిన వరుణ్ణి అడగడానికి బ్రహ్మలోకానికి వెళతాడు. అక్కడ గానం ముగిసేవరకు కొద్దిసేపు వేచి ఉంటాడు. ఆ కొద్దిసేపటిలో భూలోకంలో ఇరవై ఏడు చతుర్యుగాలు గడిచిపోతాయి. అతడు మనసులో అనుకున్న వరులు, వారి వంశాలు కూడా మిగలవు. చివరకు రేవతి బలరాముడికి భార్య అవుతుంది. దశమ స్కంధంలోని ముచుకుందుడు యుగాల తరబడి నిద్రించి మరో కాలంలో మేల్కొంటాడు. పింగళి సూరన 'కళాపూర్ణోదయం'లో జరగబోయే కథను బ్రహ్మ సరస్వతికి ముందే చెబుతాడు. చెప్పిన కథ తరువాత జరిగి తీరుతుంది.

ఈ ఉదాహరణలను చూపి 'సాపేక్ష సిద్ధాంతం మనకు ముందే తెలుసు' అనడం శాస్త్రానికీ సాహిత్యానికీ కూడా న్యాయం కాదు. 1905లో ఐన్‌స్టీన్ చెప్పినది గణితంతో కొలవగల, ప్రయోగంతో నిరూపించగల విషయం. కకుద్మి కథ మనిషి ఆయువు ఎంత అల్పమో చెప్పే ఉపాఖ్యానం. ఈ రెండింటి మధ్య ఉన్నది కథనరూపంలోని పోలిక మాత్రమే. కాని ప్రేక్షకుడి స్వీకారాన్ని అర్థం చేసుకోవడానికి ఆ పోలిక చాలు. వేరే కాలానికి వెళ్లి, తిరిగివచ్చి, మారిన లోకాన్ని చూసి విస్తుపోయే పాత్ర అతనికి హరికథల్లో, పురాణ కాలక్షేపాల్లో ఎన్నడో పరిచయమైంది.

తేడా ఎక్కడుంది? కకుద్మి ప్రయాణానికి దైవానుగ్రహం కావాలి. అతడు ముందుకే వెళ్లగలడు, వెనక్కి రాలేడు. వెల్స్ ఊహించిన యంత్రానికి మీటలు ఉన్నాయి. ఎటు వెళ్లాలో, ఎక్కడ ఆగాలో మనిషి నిర్ణయిస్తాడు. కాలంపై అధికారం దేవుడి నుంచి యంత్రానికి, యంత్రాన్ని నడిపేవాడికి మారింది. 'అయితే ఆ యంత్రం ఎవరి చేతిలో ఉండాలి' అన్న నైతిక ప్రశ్న అప్పుడే పుడుతుంది. ఆ ప్రశ్నను రాజావర్మ పాత్ర ద్వారా 'ఆదిత్య 369' తెలుగు ప్రేక్షకుడి ముందు ఉంచింది.

వెల్స్ నవల వచ్చిన 1895లోనే, డిసెంబర్ 28న, ప్యారిస్‌లో లూమియేర్ సోదరులు టికెట్టు పెట్టి చలనచిత్రాలను ప్రదర్శించారు. అదే సంవత్సరం లండన్‌లో రాబర్ట్ పాల్ అనే సినిమా నిర్మాణ ఆద్యుడు, వెల్స్ కథ స్ఫూర్తితో ప్రేక్షకులు కాలంలో ప్రయాణిస్తున్నట్టు భ్రమ కలిగించే ప్రదర్శనశాల కోసం పేటెంటుకు దరఖాస్తు చేశాడు. అది నిర్మాణం కాలేదు. కాని సినిమాహాలే ఒక కాలయంత్రం అన్న ఊహ సినిమా పుట్టిన ఏడాదే పుట్టిందని దీనివల్ల తెలుస్తున్నది.

4. 1526లో కనిపించే 1950లు

సింగీతం శ్రీనివాసరావు కె.వి. రెడ్డి వద్ద సహాయకుడిగా పనిచేసినవారు. 'మాయాబజార్' (1957) దర్శకత్వ శాఖలో ఆయన ఉన్నారు. ప్రియమైన వస్తువును, వ్యక్తిని చూపే 'ప్రియదర్శిని' పేటిక ఆ చిత్రంలోనిదే. దూరాన ఉన్న మనిషి పెట్టెలో కనిపించడం పురాణ వేషంలో ఉన్న వైజ్ఞానిక ఊహ. ఆ పేటికలో అభిమన్యుణ్ణి చూసే శశిరేఖ, కాలాన్ని దాటివచ్చిన రేవతి కూతురే కావడం విశేషం. 'ఆదిత్య 369' తరువాత 1994లో సింగీతం 'భైరవద్వీపం' తీశారు. జానపద చిత్రాల కాలం దాదాపు ముగిసిన తరువాత ఆ శైలిని పూర్తిగా పునరుద్ధరించిన చిత్రమది. ఈ వరుసలో చూసినప్పుడు కాలయంత్ర చిత్రం ఆయన కృషిలో విడిగా నిలిచిన ప్రయోగంగా కాక, పాత స్టూడియోల కళను కొత్త తరానికి అందించే ప్రయత్నంలో భాగంగా కనిపిస్తుంది.

కృష్ణకుమార్, హేమ అడుగుపెట్టిన విజయనగరాన్ని పరిశీలిద్దాం. రాయలు తెలుగు వెండితెరకు చిరపరిచితుడు. 1951లో బి.ఎన్. రెడ్డి 'మల్లీశ్వరి'లో ఉదార ప్రభువుగా కనిపించాడు. 1956లో బి.ఎస్. రంగా తీసిన 'తెనాలి రామకృష్ణ'లోనూ, 1962లో కమలాకర కామేశ్వరరావు దర్శకత్వం వహించిన 'మహామంత్రి తిమ్మరుసు'లోనూ ఎన్.టి. రామారావు రాయలుగా నటించారు. 1991లో ఆ కిరీటం ఆయన కుమారుడి తలపైకి వచ్చింది. ప్రేక్షకుడు సింహాసనంపై చూసింది ఒక చక్రవర్తిని మాత్రమే కాదు, తండ్రి పాత్రలో ఉన్న కొడుకును కూడా. నాయకుడు 1526లోకి వెళితే ప్రేక్షకుడు 1956లోకి, 1962లోకి వెళ్లాడు.

రాజసభలోని నృత్యగీతం దీనికి మరో ఆధారం. ఆ పాటలో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, ఎస్.పి. శైలజలతో పాటు జిక్కి గొంతు వినిపిస్తుంది. 1950లలో తెలుగు, తమిళ చిత్రాల్లో వెలిగిన గాయని గొంతును 1991లో రాజనర్తకి పాటకు ఎంచుకోవడం వల్ల ఆ గీతానికి చారిత్రక విజయనగరపు ధ్వని కాక, రేడియోలో విన్న పాత పాట ధ్వని అబ్బింది. నర్తకికి పెట్టిన పేరు కూడా గమనించదగినదే. సింహనందిని అన్నది నేలపై పాదాలతో సింహం రూపాన్ని చిత్రించే నృత్యసంప్రదాయం పేరు.

అన్నిటికన్నా ముఖ్యమైనది భాష. విజయనగర సభలో పాత్రలు మాట్లాడేది గ్రాంథిక ఛాయలున్న నాటకీయమైన తెలుగు. పదహారో శతాబ్దపు నిత్యవ్యవహారం ఇలా ఉండేదని చెప్పడానికి ఆధారం లేదు. ఆనాటి శాసనాల్లో వ్యావహారిక రూపాలు తరచు కనిపిస్తాయి. జంధ్యాల కలం నుంచి వచ్చిన ఈ సభాభాషకు మూలాలు పద్యనాటకంలోను, విజయా, వాహినీ సంస్థల చిత్రాల్లోను ఉన్నాయి. చరిత్ర దృష్టితో చూస్తే ఇది లోపం. స్వీకార దృష్టితో చూస్తే ఇదే కీలకం. రాజులు ఇలాగే మాట్లాడతారని ప్రేక్షకుడు అప్పటికే నమ్మి ఉన్నాడు. కాలయంత్రం అతణ్ణి ఆ నమ్మకంలోకి తీసుకువెళ్లింది.

5. చేతితో చేసిన అద్భుతం

1991 జూలై 3న అమెరికాలో 'టెర్మినేటర్ 2' విడుదలైంది. ద్రవలోహపు మనిషిని కంప్యూటర్ చిత్రాలతో చూపి, సినిమా దృశ్యమాయలో కొత్త దశకు నాంది పలికిన చిత్రమది. పదిహేను రోజుల తరువాత విడుదలైన 'ఆదిత్య 369' ఆ దశకు ఇవతలి గట్టున ఉంది. ఇక్కడ యంత్రాన్ని, రాజసభను, భవిష్యనగరాన్ని సెట్టుగా కట్టారు. నటుడు నిజంగా కాలు పెట్టే నేల, నిజంగా పట్టుకునే మీట అక్కడ ఉన్నాయి. పి.సి. శ్రీరామ్, వి.ఎస్.ఆర్. స్వామి, కబీర్‌లాల్ అనే ముగ్గురు ఛాయాగ్రాహకులు ఈ చిత్రానికి పనిచేశారు.

నేటి ప్రేక్షకుడు ఈ సెట్టులోని అతుకులను గుర్తుపట్టగలడు. అయినా ఆనందం తగ్గకపోవడానికి కారణముంది. తోలుబొమ్మలాటలో తెర వెనుక పుల్లలు ఉన్నాయని తెలియని ప్రేక్షకుడు ఉండడు. బొమ్మ చేయి కదిలినప్పుడు కలిగే ఆనందంలో, కదిలించిన చేతిపై మెప్పు కూడా కలిసి ఉంటుంది. మాయ ఎంత పూర్తిగా ఉంటే అంత ఆనందమన్నది అన్ని వేళలా నిజం కాదు. మాయను, మాయ చేసినవాడి శ్రమను ఒకేసారి చూడగలగడం మరో రకమైన ఆనందం. కంప్యూటర్‌తో అతుకు లేకుండా కట్టిన లోకాలు ఎక్కువైనకొద్దీ, చేతిపని కనిపించే పాత మాయకు విలువ పెరిగింది. 1991లో కొత్తదనంగా ఆకర్షించిన యంత్రం 2025లో పాతదనంగా ఆకర్షించింది. అంటే తీసిన నాడు సగం మాత్రమే రెట్రో అయిన చిత్రం, ముప్పై నాలుగేళ్లు గడిచాక పూర్తిగా రెట్రో అయింది.

6. అద్భుతరసం, ఔచిత్యం

అద్భుతరసానికి విస్మయం స్థాయిభావం. దానికి భరతుడు పేర్కొన్న విభావాల్లో దివ్యదర్శనం, కోరిక నెరవేరడం, ఉద్యానాలకు, దేవాలయాలకు వెళ్లడం, సభ, విమానం, మాయ, ఇంద్రజాలం ఉన్నాయి. ఈ జాబితాను 'ఆదిత్య 369' పక్కన పెట్టి చూస్తే అది దాదాపు దృశ్యాల పట్టికలా కనిపిస్తుంది. రాయల దర్శనం ఉంది, సభ ఉంది, విమానం స్థానంలో యంత్రం ఉంది, ఇంద్రజాలం స్థానంలో విజ్ఞానం ఉంది. వైజ్ఞానిక సాహస చిత్రాన్ని తెలుగు ప్రేక్షకుడు అవరోధం లేకుండా ఆస్వాదించడానికి ఈ రససంస్కారం తోడ్పడిందని చెప్పవచ్చు.

అయితే విస్మయానికి హద్దు ఔచిత్యం. క్షేమేంద్రుడు ఔచిత్యాన్ని కావ్యానికి ప్రాణంగా భావించాడు. అసాధ్యమైన ఒక్క విషయాన్ని ప్రేక్షకుడు ఒప్పుకుంటాడు. ఒప్పుకున్న తరువాత మిగిలినదంతా దానికి అనుగుణంగా నడవాలని కోరతాడు. యంత్రం పనిచేస్తుందని నమ్మిన తరువాత, 1991 నాటి మనిషి రాయల సభలో తడబడాలి, అక్కడివారికి అతడు వింతగా తోచాలి. చిత్రంలోని హాస్యం చాలావరకు ఈ ఎదురెదురు వింతల నుంచే పుట్టింది. మనకు వారు వింత, వారికి మనం వింత. సువిన్ చెప్పిన అపరిచితత్వం ఇక్కడ నవ్వు రూపంలో వచ్చింది.

2504 భాగం దీనికి భిన్నం. అణుయుద్ధం తరువాత మనుషులు భూగర్భంలో తలదాచుకున్న లోకమది. వెల్స్ నవలలో 8,02,701వ సంవత్సరంలో భూగర్భంలో బతికే మార్లాకులు ఉన్నారు. అక్కడ వర్గభేదం మనుషులను కిందికి నెట్టింది. తెలుగు చిత్రంలో యుద్ధం ఆ పని చేసింది. గతం కళకళలాడుతూ, భవిష్యత్తు చీకటిగా ఉండటం యాదృచ్ఛికం కాదు. రెట్రో శైలికి ఇది సహజలక్షణం. ముందున్నది భయపెట్టినప్పుడే వెనకటిది బంగారంలా మెరుస్తుంది. 2024 జూన్ 27న వచ్చిన నాగ్ అశ్విన్ చిత్రం 'కల్కి 2898 ఎ.డి.'లోనూ శిథిలమైన భవిష్యత్తు, మహాభారత గతం ఇలాగే ఎదురెదురుగా నిలిచాయి. ఆ చిత్రానికి సింగీతం మార్గదర్శకుడిగా వ్యవహరించడం ఈ పరంపరను స్పష్టం చేస్తున్నది.

7. రాజావర్మ: గతాన్ని సొంతం చేసుకోవడం

ఈ చిత్రంలో గతాన్ని ఇష్టపడే పాత్ర ఎవరు? కృష్ణకుమార్ అనుకోకుండా అక్కడికి వెళ్లినవాడు. గతంపై నిజమైన మోహం ఉన్నది ప్రతినాయకుడికే. రాజావర్మ పాత వస్తువుల విలువ తెలిసినవాడు. అవి తన గదిలో, తన ఒక్కడికే ఉండాలనుకుంటాడు. రెట్రో శైలితో ఆకర్షించే చిత్రం, గతకాల మోహాన్ని ప్రతినాయకుడి లక్షణంగా చూపడం ఆలోచించదగిన విషయం.

స్వెత్లానా బోయిమ్ 2001లో గతకాల మోహాన్ని రెండు విధాలుగా విభజించారు. పోయినదాన్ని ఉన్నదున్నట్టు మళ్లీ నిలబెట్టాలని పట్టుబట్టేది ఒకటి. పోయిందని ఎరిగి, ఆ దూరాన్ని తలచుకుంటూ ఆలోచించేది మరొకటి. రాజావర్మది మొదటి దారిలో ఇంకా దిగువ మెట్టు. అతడికి పునరుద్ధరణ కూడా అక్కరలేదు, స్వాధీనం చాలు. ప్రయాణికులది రెండో దారి. వారు చూస్తారు, ఆశ్చర్యపోతారు, తిరిగి వస్తారు. గతం చూడటానికే తప్ప ఉండిపోవడానికి కాదు. చిత్రంలోని నైతిక వివేకం ఇదే.

8. మదనపల్లె, పుంగనూరు, కుప్పం: ఈ నేల నుంచి ఒక చూపు

పూర్వపు చిత్తూరు జిల్లా పడమటి ప్రాంతానికి విజయనగరం పాఠ్యపుస్తకంలోని దూరపు పేరు కాదు. చంద్రగిరి కోట, గుర్రంకొండ కోట కంటికి కనిపించే ఆనవాళ్లు. రాయలు 1513 నుంచి 1521 మధ్య ఏడుసార్లు తిరుమలకు వచ్చాడు. ఇద్దరు దేవేరులతో కూడిన ఆయన లోహవిగ్రహాలు నేటికీ ఆలయంలో ఉన్నాయి. ఆయన తిరుమల శాసనాలు తెలుగు, తమిళ, కన్నడ భాషల్లో ఉన్నాయి. ఇక్కడే సినిమా విజయనగరానికి, శాసనాల విజయనగరానికి మధ్య తేడా బయటపడుతుంది. చిత్రంలో సభ ఒకే తెలుగు మాట్లాడుతుంది. చారిత్రక సామ్రాజ్యం బహుభాషామయం. మూడు రాష్ట్రాల కూడలిలో ఉన్న కుప్పంలో తెలుగు, తమిళం, కన్నడం పక్కపక్కనే వినిపిస్తాయి. ఈ సంగమాన్ని గుర్తించేటట్లుగా ద్రావిడ విశ్వవిద్యాలయం 1997లో అక్కడే ఏర్పడింది. భాషల దృష్టితో చూస్తే నేటి కుప్పం సంతవీధి, వెండితెరపై కట్టిన రాజసభకన్నా రాయల కాలానికి దగ్గరగా ఉందని చెప్పడంలో అతిశయోక్తి లేదు.

సాహిత్య చరిత్ర విషయంలోనూ జాగ్రత్త అవసరం. సినిమాలో తెనాలి రామకృష్ణుడు రాయల సభలో ఉంటాడు. ఆయన 'పాండురంగమాహాత్మ్యం' విరూరి వేదాద్రి మంత్రికి అంకితం. ఆయన రాయల ఆస్థానకవి అన్న విషయంలో పండితుల మధ్య చాలాకాలంగా భేదాభిప్రాయాలు ఉన్నాయి. అష్టదిగ్గజాలు వీరేనని చెప్పే జాబితాలోనూ ఏకాభిప్రాయం లేదు. కాని 1956 నుంచి 1991 దాకా తెర మీద పదేపదే కనిపించిన సభ, విద్యార్థి మనసులో ఆధారంగా స్థిరపడే అవకాశం ఉంది. అధ్యాపకుడు సినిమాను తోసిపుచ్చనక్కరలేదు. సినిమాలో ఏముంది, శాసనంలో ఏముంది, కృతిపతి ఎవరు అన్న మూడు ప్రశ్నలను పక్కపక్కన పెట్టి చదివించవచ్చు. అప్పుడు చిత్రం పొరపాటుకు కారణం కాకుండా పరిశోధనకు ప్రవేశద్వారం అవుతుంది.

పుంగనూరు పేరు చెప్పగానే ఆ సంస్థానం కన్నా ముందు పొట్టి ఆవు గుర్తుకు వస్తుంది. ఆ జాతిని కాపాడటం వేరు. అరుదైనది కనుక తన ఇంటి ముంగిట ఉండాలని కోరడం వేరు. పైకి ఒకేలా కనిపించే ఈ రెండింటి మధ్య తేడా, పురావస్తు సంరక్షణకు, రాజావర్మ సేకరణకు మధ్య ఉన్న తేడా వంటిదే. తాళపత్రాల విషయంలోను, శాసనాల విషయంలోను పరిశోధకులకు ఇదే పరీక్ష ఎదురవుతుంది. దొరికిన ఆధారాన్ని పదిమందికీ అందేటట్లు చేయడమా, తన పెట్టెలో దాచుకోవడమా అన్నది తెలుగు పరిశోధన తనను తాను వేసుకోవలసిన ప్రశ్న.

మదనపల్లె కాలచింతనకు చిరునామా. వెల్స్ నవల వచ్చిన 1895లోనే జిడ్డు కృష్ణమూర్తి ఇక్కడ జన్మించారు. భౌతికశాస్త్రవేత్త డేవిడ్ బోమ్‌తో ఆయన జరిపిన సంభాషణల గ్రంథం 'ద ఎండింగ్ ఆఫ్ టైమ్' 1985లో వెలువడింది. గడియారం కొలిచే కాలం వేరు, మనసులో నడిచే కాలం వేరు. రెండోది జ్ఞాపకాల నుంచి, ఆలోచన నుంచి పుట్టినదన్నది ఆయన బోధనలో ఒక ప్రధానాంశం. ఈ వెలుగులో చూస్తే రెట్రో చిత్రం మనల్ని తీసుకువెళ్లేది గడియారపు కాలంలోకి కాదు, జ్ఞాపకపు కాలంలోకి. ఆ ప్రయాణం ఆనందమిస్తుంది. అదే సమయంలో, చూస్తున్నది ఉన్నదున్నట్టు జరిగిన గతమేనన్న భ్రమనూ కలిగిస్తుంది. కృష్ణమూర్తి హెచ్చరించినది జ్ఞాపకం కల్పించే ఇటువంటి బంధనాల గురించే.

9. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. 'ఆదిత్య 369' ఆకర్షణ యంత్రపు కొత్తదనంలో కన్నా, ఆ యంత్రం చేర్చిన పాతలోకపు పరిచితత్వంలో ఉంది. ఆ పాతలోకం చారిత్రక విజయనగరం కాదు. 1951 నుంచి 1962 వరకు తెలుగు చిత్రాలు నిర్మించిన విజయనగరం. పురాణాల కాలకల్పన, అద్భుతరస సంస్కారం ప్రేక్షకుణ్ణి ఈ కథకు ముందే సిద్ధం చేశాయి. చేతిపని కనిపించే దృశ్యమాయ కాలం గడిచేకొద్దీ మరింత విలువను సంతరించుకున్నది. గతాన్ని దర్శించడానికి, గతాన్ని స్వాధీనం చేసుకోవడానికి మధ్య ఉన్న భేదాన్ని ఈ చిత్రం ప్రతినాయకుడి రూపంలో గుర్తుచేసింది.

ఒక తరం తన బాల్యాన్ని వెదుక్కుంటూ వచ్చి చూసిన చిత్రాన్ని, మరో తరం చరిత్రగా చూసే ప్రమాదం ఉంది. రెండు తరాలకూ పాఠం చెప్పే బాధ్యత తెలుగు శాఖలది. తిరుమల శాసనాలు, కోటల శిథిలాలు, మూడు భాషలు కలిసి వినిపించే వీధులు అందుబాటులో ఉన్న ఈ ప్రాంతపు కళాశాలలకు ఆ పని మిగిలినవారికన్నా సులభం. రెట్రో చిత్రాల స్వీకారంపై, తెర మీది సభాభాషకు శాసనభాషతో గల సంబంధంపై విడివిడిగా పరిశోధనలు జరగవలసిన అవసరం ఉంది.